డెబ్బై రెండు గొర్రెల వెనక నడిచిన చెప్పులు

మా ఎర్రగుంటపాలెం తూర్పు బజారులో కరెంటు తీగ మీద ఒక చెప్పుల జత వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మెడ వెనక్కి వాల్చి చూసి, ఇవేమిటని అడుగుతారు. ఏడాది కిందటైతే మేమే చెప్పేవాళ్ళం. ఇప్పుడు స్తంభానికి బోర్డు పెట్టారు కాబట్టి దాన్ని చదువుకోమంటున్నాం. బోర్డు చదివినవాళ్ళు మళ్ళీ మా దగ్గరికే వచ్చి, ఇంతకీ ఇవేమిటని అడుగుతున్నారు. అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను.

తూర్పు బజారుకు పాతిక కేవీ ట్రాన్స్‌ఫార్మరు ఒకటి ఉండేది. దాన్ని పెట్టిన రోజుల్లో బజారులో పదకొండు ఇళ్ళు, ఇంటికొక బల్బు. ఇప్పుడు నలభై మూడు ఇళ్ళు. ప్రతి ఇంట్లో ఫ్రిజ్జు, కూలరు, నీళ్ళ మోటారు. వీటన్నిటి మధ్యన నాంచారమ్మ కారం మర. మొగుడు పోయాక ఆ మరను ఆమె ఒక్కతే తిప్పుకొస్తున్నది. మిరపకాయలు కళ్ళాల్లోకి దిగే మాఘమాసం నుంచి ఊరగాయలు జాడీలకెక్కేదాకా, ఏటా నాలుగు నెలలే దానికి నిండా పని. మిగతా రోజుల్లో పసుపో పిండో ఆడినా అది కరెంటు ఖర్చుకే సరి. ఆ నాలుగు నెలల పనితోనే మిగతా ఎనిమిది నెలలూ గడవాలి. ఒంగోల్లో నర్సింగు చదివే కూతురి చదువూ గడవాలి.

మర మోటారు పది హార్సుపవరుది. అది ఆడిందంటే ట్రాన్స్‌ఫార్మరు ఆయాసపడేది. నిరుడు నాలుగుసార్లు కాలిపోయింది. కాలినప్పుడల్లా మేమే దాన్ని దించి, ట్రాక్టరులో వేసుకుని, రిపేరు షెడ్డుకు తీసుకుపోయి, వారం రోజులు కాచుకుని కూర్చుని తెచ్చుకునేవాళ్ళం. విద్యుత్తు సంస్థవారి వంతు సంతకం. దీన్ని తీసేసి అరవై మూడు కేవీది వేయించమని నాంచారమ్మ మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్నది. ఊళ్ళో అర్జీలు రాసేది నేనే కనుక లెక్క నాకు తెలుసు. తొమ్మిది రాశాను. "తగు చర్య నిమిత్తం పరిశీలనలో ఉన్నది" అని తొమ్మిది జవాబులు వచ్చాయి.

నాలుగోసారి కాలినప్పుడు ట్రాన్స్‌ఫార్మరు పోతూ పోతూ మర మోటారును కూడా వెంట తీసుకుపోయింది. రీవైండింగు మేస్త్రి మోటారు బాగుచేసి ఇస్తూ నాంచారమ్మకు తెగేసి చెప్పాడు.

"పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పడిందాకా స్విచ్చి మీద చెయ్యెయ్యబాకమ్మా. ఈసారి కాలిందంటే నా దగ్గరికి తేవద్దు. పాత ఇనప సామాన్లోడికి ఇచ్చెయ్."

ఆమె మోటారును మరకు బిగించుకుని, పైన గోనెపట్టా కప్పి, తలుపుకు తాళం వేసింది. ఇది కార్తీకంలో సంగతి.

అదే వారం, బాగై వచ్చిన పాతిక కేవీని మళ్ళీ గద్దె ఎక్కించాం. బజారంతా నిలబడి చూస్తున్నది. లైన్‌మన్ మీరావలి సబ్‌స్టేషనుకు ఫోను చేసి లైను ఆపించి, స్తంభం ఎక్కడానికి నడుముకు తాడు చుట్టుకుంటున్నాడు.

"ఇంతమంది కళ్ళు పడతంటే అది మాత్రం ఏం నిలబడుద్ది," అన్నది నాంచారమ్మ. "కొత్తిల్లు కడితే గుమ్మడికాయ కడతాం. లారీకి ఎనకాల పాత చెప్పు కడతాం. దీనికేం కట్టాం?"

"ఇది దిష్టికి కాలే సరుకు కాదక్కా," అన్నాడు మీరావలి. "లోడుకు కాలుద్ది."

"లోడుకు సరిపోయేది మీ ఆఫీసోళ్ళు ఇయ్యరు గదా. దిష్టన్నా తీసుకోనీ."

సరిగ్గా అప్పుడు యల్లమంద గొర్రెల్ని తోలుకుని బజారులోకి వచ్చాడు. ఆయన కాళ్ళకు టైరు చెప్పులు. బజారు కళ్ళన్నీ ట్రాన్స్‌ఫార్మరును వదిలి ఆ చెప్పుల మీదికి దిగాయి.

"అట్టా చూడబాకండి," అన్నాడు యల్లమంద. "ఇయ్యి కుట్టించి ఆరేళ్ళయింది. ఇంకో ఆరేళ్ళు వస్తయి."

"ఆరేళ్ళా. ఇంకేం గావాల. ఇటియ్యి మామా," అన్నది నాంచారమ్మ.

"మరి నా కాళ్ళు?"

"నీ కాళ్ళకి దిష్టెవురు పెడతారు గానీ, ఇయ్యి."

అయిదు నిమిషాల్లో రెండు చెప్పుల్నీ పురికొసతో ముడేసి మీరావలి చేతికిచ్చారు. అతను స్తంభం మీది నుంచి వాటిని తీగ మీదికి విసిరాడు. అవి రెండుసార్లు అటూ ఇటూ ఊగి, మనసు కుదిరినట్టు నిలిచాయి. యల్లమంద ఉత్తకాళ్ళతో గొర్రెల వెంట పోయాడు.

ఆ తర్వాత మూడు నెలలు ట్రాన్స్‌ఫార్మరు కాలలేదు. ఫ్యూజు కూడా పోలేదు. మర మూతపడింది కాబట్టి దానికి ఊపిరాడింది. ఈ సంగతి తూర్పు బజారులో అందరికీ తెలుసు. విద్యుత్తు సంస్థకు తెలియదు. వాళ్ళ ఫారంలో ఆ ప్రశ్న లేదు.

ఫారంలో వేరే ప్రశ్న ఉంది. మా మండలానికి విద్యుత్తు సంస్థ అసిస్టెంటు ఇంజనీరు, అంటే ఏఈ, ఆంజనేయప్రసాద్ గారు. వయసులో చిన్నవాడు, మంచివాడు, ఫారాలంటే మహా భయస్థుడు. జనవరి నెలాఖరున కంప్యూటరు ముందు కూర్చుని మూడు నెలల నివేదిక నింపుతుంటే తూర్పు బజారు దగ్గర ఆగిపోయాడు. గత త్రైమాసికంలో అంతరాయాలు పదిహేడు. ఈ త్రైమాసికంలో సున్న. "తగ్గుదలకు గల కారణము" అని కింద ఒక గడి. అది నింపితే తప్ప ఫారం ముందుకు కదలదు. అక్కడ జరిగింది తర్వాత మీరావలి మాకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

"ఏం చేశావయ్యా అక్కడ?" అని ఏఈ గారు అడిగాడు.

"ఏం చెయ్యలా సార్."

ఏఈ గారు "ఏమీ చేయలేదు" అని కొట్టాడు. గడి ఎర్రబడింది. కనీసం నలభై అక్షరాలు ఉండాలన్నది.

"ఏదో ఒకటి చేసే ఉంటావు. గుర్తు తెచ్చుకో."

"నాంచారక్క మర మూసేసింది సార్. అదే కారణం."

"అట్లా రాస్తే వినియోగదారు సేవ స్తంభించినట్టు. దానికి వేరే ఫారం ఉంది. దాని కింద సంజాయిషీ నేనివ్వాలి." ఏఈ గారు నుదురు తుడుచుకున్నాడు. "ఇంకేమన్నా జరిగిందా?"

"చెప్పులు కట్టాం సార్."

ఏఈ గారు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత నిదానంగా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: "స్థానికముగా లభ్యమగు, దీర్ఘకాల వినియోగములో నున్న రబ్బరు సాధనమును తీగపై వేలాడదీయుట వలన." గడి పచ్చబడింది. ఫారం కదిలింది. ఏఈ గారు కుర్చీలో వెనక్కి వాలి టీ చెప్పించాడు.

ఆ సున్న అక్కడితో ఆగితే నేనిది రాయాల్సిన పని లేదు. సర్కిలు మొత్తం మీద సున్న వచ్చింది మాకొక్కళ్ళకే అయింది. పదిహేను రోజుల్లో ఏఈలందరికీ పై అధికారి, సర్కిల్ ఎస్ఈ సదాశివరావు గారు నాలుగు జీపులతో తూర్పు బజారులో దిగారు. దిగి, దుర్భిణి పెట్టి పైకి చూశారు.

"అద్భుతం," అన్నారు. "ఇందులో విదేశీ పరిజ్ఞానం ఏమైనా ఇమిడి ఉన్నదా?"

"టైరు లారీదండి," అన్నాడు ఏఈ గారు.

"ఎడమ భాగం స్తంభం వైపున ఉన్నది. ఇది యాదృచ్ఛికమా, ప్రణాళికాబద్ధమా?"

"ప్రణాళికాబద్ధమేనండి." ఒకసారి మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో ఏఈ గారికి తెలియలేదు.

యల్లమందను పిలిపించారు. చెప్పులు తిరిగి ఇస్తారనుకుని పాపం పరుగున వచ్చాడు.

"ఈ సాధనాన్ని తమరు ఎంతకాలం ప్రాథమిక వినియోగంలో ఉంచారు?" అని అడిగారు ఎస్ఈ గారు.

యల్లమంద నా వైపు చూశాడు.

"ఎన్నేళ్ళు తొడిగావని అడుగుతున్నారు మామా."

"ఆరేళ్ళు దొరా."

"దినసరి నడక ఎంత?"

"గొర్రెలెంత దూరం పోతే అంత."

"గొర్రెలు ఎన్ని?"

"డెబ్బై రెండు."

ఎస్ఈ గారు వెనక్కి తిరిగారు. "డెబ్బై రెండు. నోట్ చేసుకోండి." వెనక నిలబడ్డ ఆరుగురూ రాసుకున్నారు.

"చెప్పులిప్పిస్తే పోతా దొరా. ముళ్ళు గుచ్చుకుంటన్నయి."

"అవి ఇప్పుడు సంస్థ ఆస్తి. తమరు పూర్వ వినియోగదారులు. తమ సేవలు రికార్డులో ఉంటాయి."

అప్పుడు నాంచారమ్మ పదో అర్జీ పట్టుకుని ముందుకొచ్చింది. "అయ్యా, కాయలు కళ్ళాల్లోకి వచ్చినయ్. అరవై మూడు కేవీది వేయించారంటే మర తెరుచుకుంటా."

ఎస్ఈ గారు ఆమెను చాలా దయగా చూశారు. "అమ్మా, ట్రాన్స్‌ఫార్మర్లు సమస్యాత్మక బజార్లకు కేటాయించబడతాయి. మీది ఆదర్శ బజారు. ఇక్కడ సమస్య ఉన్నదని మీవంటివారే అంటే, ఆదర్శం ఏమి కావాలి?"

"నా మర మూసుంది గాబట్టే అయ్యా అది కాల..."

ఏఈ గారికి పెద్ద దగ్గు వచ్చింది. అది తగ్గేటప్పటికి నాలుగు జీపులూ పోయాయి.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. దాన్ని మీరావలి తెచ్చి నా చేత చదివించాడు. ముఖ్యమైన ముక్క ఇక్కడ ఎత్తి రాస్తున్నాను: "ప్రతి సెక్షను పరిధిలో నలభైకి తగ్గకుండా వేలాడు రబ్బరు సమతుల్య సాధనములు (ఇకమీదట వేరససా అనబడును) నెలకొల్పవలెను. సాధనము ఒక కుడి, ఒక ఎడమ భాగములు కలిగియుండి, ఎడమ భాగము స్తంభము వైపునకు ఉండవలెను. నెలకొల్పుటకు ముందు ఆరు సంవత్సరములకు తగ్గని ప్రాథమిక వినియోగము పొందియుండవలెను. సదరు వినియోగము డెబ్బై రెండు గొర్రెల వెనుక జరిగియుండవలెను. గొర్రెల సంఖ్యలో హెచ్చుతగ్గులు అంగీకరించబడవు."

జిల్లాలో గొర్రెల కాపరులు ఎన్నడూ ఎరగని మర్యాదలు పొందారు. జీపులు కొండల మీదికెక్కి వాళ్ళను వెతికాయి. ఎనభై గొర్రెలున్నవాడిని ఎనిమిది అమ్మేసుకోమని బతిమాలారు. అరవై అయిదు ఉన్నవాడు తనిఖీ రోజున బావమరిది మందలోంచి ఏడు అరువు తెచ్చుకుని గట్టెక్కాడు. గుళ్ళ ముందు, మసీదుల ముందు విడిచిన చెప్పులు మాయం కావడం మొదలైంది. మా పక్క ఊళ్ళో ఒక పెళ్ళికి పోతే, విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా ఒళ్ళో చెప్పులు పెట్టుకుని భోంచేశారు. వడ్డించేవాళ్ళు కూడా దానికి తగ్గట్టు వంగి వడ్డించారు.

అయినా చాలలేదు. అప్పుడు సంస్థ టెండరు పిలిచింది. కంట్రాక్టరు నిగనిగలాడే కొత్త టైరు చెప్పులు లారీలో దింపాడు. వాటికి ఆరేళ్ళ నడక లేదు. సానరాయి మీద అరగదీద్దామన్నారు గానీ, కృత్రిమ అరుగుదల శిక్షార్హమని ఇంకో సర్క్యులరు వచ్చింది. అందుకని నడక విభాగమని కొత్తది పెట్టారు. మీటరు రీడర్లు, బిల్లు కలెక్టర్లు, కుర్చీల్లోంచి ఎన్నడూ లేవని గుమాస్తాలు, అందరికీ తలొక జత ఇచ్చి మందల వెనక తోలారు. ఆరేళ్ళు ఆగే తీరిక లేదు కనుక, ఒక్కో జతను ముగ్గురు మూడు షిఫ్టుల్లో తొడగాలని నిర్ణయించారు. కాళ్ళ కొలతలు ముగ్గురివీ ఒకటిగా ఉండాలి కాబట్టి బదిలీలన్నీ కాలి సైజును బట్టి జరిగాయి. ఎనిమిదో నంబరు కాళ్ళున్నవాళ్ళంతా మా డివిజనుకు వచ్చారు.

పక్క మండలంలో నడక మంచి ఊపులో ఉండగా ఒక గొర్రె దారిలో ఈనింది. డెబ్బై మూడయ్యాయి. ఆడిట్ అధికారి అక్కడే ఉన్నాడు. ఆ క్షణం దాకా నడిచిన నడకంతా చెల్లదని రాశాడు. పిల్ల మందలో భాగం కాదు, తల్లిలోంచి వచ్చింది గనక తల్లి లెక్కలోనే ఉంటుందని అక్కడి ఏఈ వాదించాడు. అయితే తల్లి ఒకేసారి రెండు చోట్ల ఎలా నిలబడిందని ఆడిట్ వారు అడిగారు. ఫైలు పైకి పోయింది. ఆ గొర్రెపిల్ల ఇప్పుడు పెద్దదై మేస్తున్నదట. ఫైలు ఇంకా కిందికి రాలేదు.

ఇవన్నీ ఇలా జరుగుతుండగా, నాంచారమ్మ మర ముందు నుంచే మిరపకాయల బస్తాలు ఏడు కిలోమీటర్ల అవతలి ఊరి మరకు పోతున్నాయి. తీసుకుపోయేవాళ్ళు ఆమె ఇంటి ముందు మొహం చాటేసేవాళ్ళు. ఆమె అరుగు మీద కూర్చుని, ఎవరివో కాయలకు కూలికి తొడిమలు తీస్తుండేది. కూతురు ఫోను చేస్తే, "ఆ, ఆడతంది, బానే ఆడతంది" అని చెప్పి పెట్టేసేది.

ఒకరోజు మీరావలిని ఆపి అడిగింది. "ఆ చెప్పులు పీకి పారెయ్ అబ్బాయ్. అయ్యి పోతేనన్నా మనది సమస్యున్న బజారవుద్దేమో."

"నా ఉజ్జోగం పోద్దక్కా. నన్ను వాటికి సంరక్షకుడిగా వేశారు. పొద్దున పదింటికల్లా వాటిని లెక్కబెట్టి మెసేజి పెట్టాల."

"లెక్కబెట్టేదేంది?"

"రెండు అని పెట్టాల. మొన్న మా పిల్లకి జొరమొచ్చి పదిన్నరకి పెట్టా. ఆ అరగంట అయ్యి ఎన్నున్నయ్యో రాతపూర్వకంగా చెప్పమని మెమో ఇచ్చారు."

"ఏం జెప్పావు?"

"రెండేనని రాశా. చూసినోళ్ళ సంతకాలు తెమ్మన్నారు."

మార్చి రెండో వారంలో ఏఈ గారు ఒంటరిగా, జీపు ఊరి బయటే ఆపి, నడుచుకుంటూ నాంచారమ్మ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే పదకొండో అర్జీ రాస్తున్నాను. ఆయన అరుగు అంచున కూర్చున్నాడు.

"అమ్మా, వచ్చే శుక్రవారం రాష్ట్రస్థాయి బృందం వస్తున్నది. ఇక్కడే సభ. ఎస్ఈ గారికి అవార్డు. ఆ ఒక్కరోజూ అయిపోయేదాకా మీరు మర తెరవకండి."

నాంచారమ్మ తొడిమలు తీయడం ఆపలేదు. "తెరిస్తే ఏమైద్ది సారూ? చెప్పులున్నయ్ గదా."

ఏఈ గారు అరుగు మీద రాలిన తొడిమల్ని ఒక్కొక్కటే ఏరసాగాడు.

"చెప్పులున్నంత కాలం కాలదని మీ పెద్ద సారు బోర్డు మీద రాయించాడంట. ఈ అబ్బాయి చదివి చెప్పాడు. నేనూ నమ్మి, శుక్రవారం పొద్దున స్విచ్చేద్దామనుకుంటన్నా. కొబ్బరికాయ గూడా తెచ్చి పెట్టుకున్నా."

"కాలిపోద్దమ్మా," అన్నాడు ఏఈ గారు. అన్ని నెలల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అది. అనేసి, ఎవరైనా రాసుకుంటున్నారేమోనని నా చేతిలోని కలం వైపు చూశాడు.

"కాలితే నా మోటారూ పోద్ది. నాకు తెలుసు. ఈ మిరప కారు పోయిందంటే నా పిల్ల చదువు ఈడికే ఆగిపోద్ది. ఎట్టాగూ పోయేదే అయితే, మీ సభలో అందరి ముందరా పోతే సరి. అప్పుడన్నా చూస్తారు."

"నా చేతుల్లో ఉంటే ఈ క్షణాన అరవై మూడు ఇస్తానమ్మా. ఆదర్శ బజారుకు ట్రాన్స్‌ఫార్మరు అడిగితే మొత్తం పథకమే తప్పని నేనే ఒప్పుకున్నట్టు. సస్పెండ్ చేస్తారు." ఏఈ గారు స్తంభం వైపు చెయ్యి చూపించాడు. "చెప్పుల కోసమైతే ఏది అడిగినా ఇస్తున్నారు. మార్చి ముప్పై ఒకటి లోపల ఖర్చు చూపించాలి కదా. మొన్న వాటికి ఎండ తగలకుండా గొడుగు అడిగితే, రెండు రోజుల్లో రెండు గొడుగులు వచ్చాయి. కుడిదానికొకటి, ఎడమదానికొకటి. కానీ ట్రాన్స్‌ఫార్మరు అనే మాట ఎత్తితే..."

నాంచారమ్మ చేతిలో కాయ ఆగిపోయింది.

"చెప్పులకైతే ఏదడిగినా ఇస్తారా?"

"ఇస్తారు."

"అయితే నేనడగను. చెప్పులే అడుగుతయ్." ఆమె నా వైపు తిరిగింది. "అబ్బాయ్, ఆ కాయితం చింపెయ్. ఇంకోటి తీయ్."

నేను తీశాను. ఏఈ గారు మొదట అర్థంకాక చూశాడు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. తర్వాత మళ్ళీ అరుగు మీద కూర్చుని, నా దగ్గరికి జరిగి, తనే మాటలు అందించడం మొదలుపెట్టాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"గౌరవనీయులైన సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి, తూర్పు బజారు వేరససా నెంబరు ఒకటి తరఫున విన్నపము. ఫాల్గుణ మాసపు గాలులకు సదరు సాధనము అటునిటు ఊగుచున్నందున దాని సమతుల్య సామర్థ్యము దెబ్బతినుచున్నది. ఊగుడు నివారణార్థము, మూడు వందల కిలోల బరువునకు తగ్గనిదియు, లోపల తీగచుట్టలు కలిగి నూనెతో నింపబడినదియు అగు ఇనుప నిలకడ పెట్టె ఒకటి, పాత పెట్టెను తొలగించి, పై తీగలకును క్రింది తీగలకును నడుమ అనుసంధానించి నెలకొల్పవలెనని ప్రార్థన."

"అంకె లేకపోతే ఏ పాతికదో పంపుతారు," అన్నది నాంచారమ్మ.

ఏఈ గారు కాస్త ఆలోచించి చెప్పాడు: "పెట్టెపై అరవై మూడు అను అంకె ఉండుట ఊగుడు నివారణకు శ్రేష్ఠమని క్షేత్ర పరిశీలనలో తేలినది."

సంతకం దగ్గర చిక్కు వచ్చింది. చెప్పులు సంతకం పెట్టలేవు. పూర్వ వినియోగదారుడు పెట్టవచ్చునని ఏఈ గారు నియమం చూసి చెప్పాడు. యల్లమందను పిలిచాం.

"ఈడ ఏలేస్తే చెప్పులొస్తయ్యా?" అన్నాడు.

"కొత్తయి నేను కుట్టిస్తా మామా," అన్నది నాంచారమ్మ. "మర ఆడనీ."

ఆయన బొటనవేలు సిరాలో ముంచి, ఎందుకైనా మంచిదని రెండుసార్లు వేశాడు.

ట్రాన్స్‌ఫార్మరుగా మూడేళ్ళు అడిగితే రానిది, నిలకడ పెట్టెగా అడిగితే అయిదో రోజున వచ్చింది. మా ట్రాక్టరు అవసరం పడలేదు. సంస్థవారి సొంత లారీ, దాని వెనక క్రేను, ఆ వెనక ఫోటోలు తీసేవాడు. పెట్టెకు బంతిపూల దండ వేసి ఉంది. దాని మీద ఉన్న అక్షరాలన్నీ పచ్చరంగుతో చెరిపేసి, "వేరససా అనుబంధ నిలకడ పెట్టె" అని రాశారు. అరవై మూడు అంకె మాత్రం అలాగే ఉంచారు.

మీరావలి తీగలు బిగించి కిందికి దిగాడు. "అక్కా, దీన్ని ట్రాన్స్‌ఫార్మరని నోటితో అనగూడదంట. ఆర్డరేశారు."

"అనబాక. ఓల్టేజీ జూడు."

అతను చూశాడు. మళ్ళీ చూశాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఎన్నడూ లేనిది, ఎడమచేత్తో మీసం దువ్వుకున్నాడు.

శుక్రవారం నాడు బజారుకు అడ్డంగా షామియానా వేశారు. రాష్ట్ర బృందం పెద్ద ఒకాయన, ఆయన వెంట తొమ్మిది మంది, ఎస్ఈ గారు, చుట్టుపక్కల మండలాల ఏఈలు అందరూ వచ్చారు. నడక విభాగం ఉద్యోగులు ముందు వరసలో కూర్చుని పాదాలు రుద్దుకుంటున్నారు. ఎస్ఈ గారు ప్రసంగం మొదలుపెట్టారు. పదహారు పేజీలు. రెండో పేజీలో, ఈ సాధనం పనిచేసే తీరు నేటి విజ్ఞానశాస్త్రానికి ఇంకా అందలేదని, అందుకే దాన్ని అనుసరించడం తేలికైందని చెబుతున్నారు.

అప్పుడు షామియానా అవతల కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. తర్వాత మోటారు మొరిగింది. మా ఏఈ గారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మీరావలి మైకు పక్కనున్న బల్బు వైపే చూస్తున్నాడు. నాంచారమ్మ మర ఆడిందంటే బజారులో బల్బులన్నీ మిణుగురు పురుగులై నీరసపడటం మాకు అలవాటు. ఆ బల్బు కదలలేదు. తెల్లగా, నిటారుగా వెలిగింది. బస్తా ఒలికిన చప్పుడు, మర కాయల్ని అందుకున్న చప్పుడు వినబడ్డాయి. బజారంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. తన మూడో పేజీకి అనుకుని ఎస్ఈ గారు తలవంచి నమస్కరించారు.

పడమటి గాలి వీస్తున్నది. అయిదు నెలలు మూతపడిన మరలోంచి తొలి కారం షామియానాలోకి వచ్చింది. ముందు నడక విభాగం తుమ్మింది. తర్వాత ఏఈలు వరసన తుమ్మారు. ఎస్ఈ గారు "సమతుల్య" అన్న మాట దగ్గర మూడుసార్లు ప్రయత్నించి, ప్రతిసారీ తుమ్ముతో పూర్తిచేశారు. రాష్ట్ర బృందం పెద్ద కళ్ళ వెంట నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. ఆయన మాట పెగలక ఎస్ఈ గారిని కౌగిలించుకున్నాడు. ఎస్ఈ గారూ ఏడుస్తున్నారు. ఫోటోలు తీసేవాడు ఏడుస్తూనే తీశాడు. మర్నాడు పేపర్లో, ఎర్రగుంటపాలెం ప్రయోగం ఉన్నతాధికారుల గుండెల్ని కదిలించిందని పడింది. రాష్ట్రంలోని ప్రతి చెప్పుల జతకూ ఒక నిలకడ పెట్టె మంజూరు చేస్తున్నట్టు పెద్దాయన అక్కడికక్కడే, ముక్కుకు తువ్వాలు పెట్టుకుని ప్రకటించాడు. దానికి ప్రజలు కొట్టిన చప్పట్లు మాత్రం నిజంగా ఆయనకే.

ప్రసంగం ఇంకా పన్నెండు పేజీలు మిగిలి ఉంది. ఎస్ఈ గారు ఏఈని పిలిచి చెవిలో ఏదో చెప్పారు. ఏఈ గారు మర దగ్గరికి వచ్చాడు. నాంచారమ్మ తలకు గుడ్డ చుట్టుకుని, మోచేతుల దాకా ఎర్రగా, మర గొట్టం కింద డబ్బా జరుపుతున్నది.

"అమ్మా, పెద్ద సారు ఒక్క పది నిమిషాలు ఆపమంటున్నారు. ప్రసంగం ఉంది."

"ఎత్తుకున్న వాయి మధ్యలో ఆపితే రాయి పట్టేసుద్ది సారూ. అయిందాకా ఆయన్నే కాస్త ఆగమనండి."

ఏఈ గారు తిరిగి వెళ్ళి చెప్పాడు. ఎస్ఈ గారు మైకు ముందు కాగితాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆయన నిలబడ్డారు కాబట్టి మిగతా అధికారులూ లేచి నిలబడ్డారు. వాయి అయిపోవడానికి పావుగంట పట్టింది.

"తర్వాత ఎవురియ్యి?" అని మర లోపలి నుంచి నాంచారమ్మ కేకేసింది.

షామియానా పక్కగా, గోడ వెంబడి, ఇంకా పద్నాలుగు బస్తాలు వరసలో ఉన్నాయి.